వహాబు రాసిన రెండు కాగితాలు

పాతవూళ్ళో రిజిస్ట్రారు ఆఫీసుకి ఎదురుగా, రేకుల చూరు కింద నలుగురు దస్తావేజు లేఖర్లు కూర్చునేవారు. వాళ్ళలో అబ్దుల్ వహాబు దగ్గరే జనం ఎక్కువ. మిగతా ముగ్గురూ అతనికన్నా పెద్దవాళ్ళు, రూపాయి తక్కువకే రాసేవాళ్ళు. అయినా పొలం అమ్మేవాడూ, కొనేవాడూ, వేరుపడే అన్నదమ్ములూ వచ్చి వహాబు ముందే గొంతుక్కూర్చునేవారు. అతని దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని కాదు. మాటకీ మాటకీ ఉన్న తేడా అతనికి తెలుసు, తెలిసింది చెప్పేవాడు.

ఒకసారి అల్లిపురం నుంచి ఇద్దరన్నదమ్ములు వచ్చారు. పెద్దవాడు ఎవరి చేతో రాయించిన చిత్తు పట్టుకొచ్చి, దీన్ని స్టాంపు కాగితం మీదికి ఎక్కించమన్నాడు. వహాబు సగందాకా చదివి కలం కింద పెట్టేశాడు. చదువు రాని చిన్నవాడి వైపు తిరిగి అడిగాడు.

"పంపిణీ అంటే నీ వాటా నువ్వు పుచ్చుకోడం. ఇడుదలంటే నీ వాటా మీయన్నకి ఒదిలీడం. ఇందులో ఇడుదలని ఉంది. ఏది రాయమంటావు?"

పెద్దవాడు రెండూ ఒకటేననీ, ఇంకో లేఖరి దగ్గరికి పోదాం పదమనీ తమ్ముడి భుజం పట్టుకు లాగాడు. చిన్నవాడు కదల్లేదు. ఆ సంగతి బజారంతా పాకింది. వహాబు రాస్తే కాగితంలో మోసం ఉండదని పల్లెల్లో చెప్పుకునేవారు. ఆ మాట తన చెవిన పడ్డప్పుడు వహాబు ఏమీ పట్టనట్టే ఉండి, ఇంటికెళ్ళాక భార్య జన్నత్ బీకి రెండుసార్లు చెప్పేవాడు.

సూరన్న అలా విని వచ్చినవాడు కాదు, అంతకు ముందునుంచీ స్నేహితుడు. గాజువాక దాటాక సముద్రం వైపున్న ఒక పల్లె అతనిది. రెండున్నర ఎకరాల జిరాయితీ పొలం. వంకాయలూ ఆనపకాయలూ బండికేసుకుని తెల్లారేసరికి పట్నం మార్కెట్టుకి వచ్చేవాడు. సరుకు అమ్ముడయ్యాక వహాబు చూరు కిందకొచ్చి, చిన్న గోనెసంచిలో నాలుగు కాయలు పక్కన పెట్టి, టీ తాగి వెళ్ళేవాడు. వహాబుని "బావా" అనేవాడు. సూరన్న తండ్రి పోయినప్పుడు పంపకాల కాగితం రాసింది వహాబే. ఆ రోజు నుంచీ సూరన్నకి కాగితమంటే వహాబు, వహాబు అంటే కాగితం.

డెబ్బయ్యో సంవత్సరం మొదట్లో, చలి ఇంకా తగ్గకముందు, సూరన్న ఆయిలింజను కొనాలనుకున్నాడు. నూతిలో నీళ్ళున్నాయి. ఏతంతో తోడితే ఎకరం తడవడానికే రోజు సరిపోతోంది. ఇంజను పెడితే మొత్తం కూరగాయలు వెయ్యొచ్చు. డబ్బు కోసం కలప అడితీ నడిపే నరసింహమూర్తిని అడిగాడు. నరసింహమూర్తి వెంటనే ఒప్పుకున్నాడు, పొలం మీద కాగితం రాస్తే చాలన్నాడు.

రాసే రోజుకి ముందు సాయంత్రం నరసింహమూర్తి వహాబు ఇంటికి స్వయంగా వచ్చాడు. తెల్లటి పంచె, చేతిలో తోలుసంచి. వహాబు చాప పరిచాడు. ఆయన దానిమీద కూర్చోకుండా గడపలోనే నిలబడి మాట్లాడాడు.

"సూరన్న కాగితం నువ్వే రాయాలి. విక్రయం అని రాయి. రెండేళ్ళలో సొమ్ము తెస్తే పొలం తిరిగి ఇస్తానన్న షరతు మాత్రం వేరే కాగితం మీద ఉండాలి."

వహాబుకి ఒక్క క్షణంలో అర్థమైంది. "అప్పే కదండీ. తనఖా రాద్దాం. లేదంటే షరతు క్రయమే రాద్దాం, కానీ షరతు ఆ కాగితంలోనే ఉండాలండి. వేరే కాగితంలోకి పోతే అది అమ్మకమైపోద్ది. తనఖా అయితే గడువు దాటినా ముప్పై ఏళ్ళదాకా విడిపించుకుంటాడు. అమ్మకమైతే గడువు దాటిన మర్నాడే పొలం మీది."

"నాకు తెలియకే నీ దగ్గరికొచ్చానా?" అన్నాడు నరసింహమూర్తి, చిరాకు లేకుండా. "నేను కొండ అవతల లేఅవుటు వేస్తున్నాను. నూటెనభై ప్లాట్లు. ఆ దస్తావేజులన్నీ ఒక్క చేతిమీదే పోతే బాగుంటుందని చూస్తున్నాను."

ఆయన వెళ్ళాక జన్నత్ బీ తెర వెనకనుంచి వచ్చి చాప చుట్టింది. "ఏమంటావు?" అని వహాబు అడగలేదు. ఎంత పేరున్నా నెలలో పదిరోజులు రిజిస్ట్రేషన్లే లేక చూరు కింద ఈగలు తోలుకోవడమేనని ఇద్దరికీ తెలుసు. వానొస్తే ఇంట్లో ఏ మూల గిన్నె పెట్టాలో కూడా తెలుసు.

మర్నాడు వహాబు మూడు కాగితాలు రాశాడు. మొదటిది విక్రయ దస్తావేజు. రెండోది, రెండేళ్ళలోగా సొమ్ము చెల్లిస్తే తిరిగి అమ్ముతానన్న ఒప్పందం. మూడోది కౌలు చీటీ. సూరన్న దున్నుకుంటూనే ఉంటాడు, పంటకింత కడతాడు. అతను వడ్డీ అనుకునేదానికి కాగితంలో పేరు కౌలు.

నిబంధన ప్రకారం పైకి చదివి వినిపించాలి. వహాబు చదివాడు. పుత్రపౌత్ర పారంపర్యంగా, దానాది వినిమయ విక్రయాలకు సర్వహక్కులతో అంటూ ఊపిరి తిప్పుకోకుండా చదువుకుపోయాడు. సూరన్న పురాణం వింటున్నవాడిలా తల ఊపుతూ కూర్చున్నాడు. చివర్న, బొటనవేలు సిరాదిమ్మ మీద ఆనించబోతూ ఆగాడు.

"ఇది తాకట్టే గదా బావా?"

నరసింహమూర్తి అటుపక్క బల్ల దగ్గర సాక్షులతో ఏదో మాట్లాడుతున్నాడు. ఇటు చూడలేదు.

"అలాటిదే," అన్నాడు వహాబు.

లోపల అధికారి అర్థమైందా అని అడిగితే, "వహాబు బావ రాసినాడండి, నాకింక అర్థమవాల్సిందేటుంది," అన్నాడు సూరన్న. అక్కడున్నవాళ్ళు నవ్వారు.

ఇంజను వచ్చింది. మొదటి ఏడు పంట బాగా పండింది. ఉక్కు ఫ్యాక్టరీ ఆ వైపే వస్తుందని ఢిల్లీలో ప్రకటించారు, శంకుస్థాపన కూడా అయింది. ఆ మాట ముందే ఏ మార్గాన నరసింహమూర్తి చెవిన పడిందో ఎవరికీ తెలియదు. వహాబు చేతినిండా ప్లాట్ల పని. ఇంటిమీద కొత్త పెంకులు నేయించాడు. సూరన్న తెచ్చే సంచి ముందుకన్నా పెద్దదైంది. వహాబు దాన్ని ఇంటికి పంపేవాడు, తను మాత్రం ఆ కూర తినేవాడు కాదు. ఒంట్లో వేడి చేస్తుందని చెప్పేవాడు.

గడువు ఇంకో నెల ఉందనగా సూరన్న వచ్చాడు. సొమ్ములో మూడువంతులు కూడింది. మిగతాది ఎద్దుల్ని అమ్మితే వస్తుంది.

"అమ్మీమంటావా బావా? 'తొందరేటుందిరా, పంట సూసుకుని కట్టు' అంటన్నాడు ఆయన. నాకేమో ఎడ్లు అమ్మబుద్ధవ్వడం నేదు."

"కాగితంలో గడువుంది," అన్నాడు వహాబు. "గడువులోపల కట్టీడం మంచిది."

"తాకట్టుకి గడువు దాటితే ఏటవుద్ది? ఇంకాస్త వడ్డీ అడుగుతాడు. అంతే గదా."

వహాబు నోరు తెరిచాడు. అది తాకట్టు కాదని చెప్పాలంటే, ఆ రోజు తానన్న మాట ఏమిటో కూడా చెప్పాలి. అంతలో నరసింహమూర్తి గుమాస్తా ఇద్దరు ప్లాటు కొనేవాళ్ళని వెంటబెట్టుకొచ్చి, లగ్నం దాటిపోతోందని తొందర పెట్టాడు. వహాబు కాగితాలు ముందుకు లాక్కున్నాడు. "సూసుకో మరి," అన్నాడు సూరన్నతో, తలెత్తకుండా. సూరన్న ఎడ్లని అమ్మలేదు. గడువు దాటాక కూడా పంటకింత కడుతూ దున్నుకుంటూనే ఉన్నాడు.

తరవాత రెండేళ్ళకి పల్లెల్లో నోటీసులు పంచారు. ఫ్యాక్టరీకి భూములు తీసుకుంటున్నారు, హక్కుదార్లు ఫలానా రోజున హాజరు కావాలని. సూరన్నకి కూడా ఒకటి అందింది. ఆ రోజు అతను కూరగాయలు తేలేదు. బస్సు దిగి నేరుగా వచ్చి నోటీసు వహాబు బల్ల మీద పెట్టాడు.

"మా ఊరి మేస్టరు సదివి ఏటేటో అంటన్నాడు. నువ్వు సదువు."

వహాబు చదివాడు. యజమాని అన్నచోట నరసింహమూర్తి పేరు. కౌలుదారు అన్నచోట సూరన్న పేరు.

"కౌలుదారంటాడేటి? నాను ఎవుడికి కౌలు కట్టినాను? వడ్డీ కడతన్నాను గదా."

"ఆ కట్టేదాన్ని కాగితంలో కౌలని రాశాం."

"రాశామా?"

వహాబు నోటీసుని అతని వైపు జరిపాడు.

"మరి పొలం ఎవుడిది బావా?"

"కాగితం ప్రకారం ఆయనదే. నువ్వు రాసిచ్చింది అమ్మకం. గడువు దాటిపోయింది."

సూరన్న చాలాసేపు ఆ నోటీసు కేసే చూశాడు. అతనికి అక్షరాలు రావు. అయినా ఒక్కో వరస మీదా వేలుపెట్టి చూశాడు. తరవాత మెల్లగా, చుట్టుపక్కలవాళ్ళకి వినపడనంత మెల్లగా అన్నాడు. "అలాటిదే అన్నావు గదా నువ్వు."

కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచీ వహాబుని బావా అని పిలవలేదు.

అది అమ్మకం కాదు తాకట్టని సూరన్న నరసింహమూర్తి మీద దావా వేశాడు. భీమశంకరరావు అనే వకీలు కేసు తీసుకుని, లేఖరి సాక్ష్యం లేనిదే కేసు నిలవదని చెప్పాడు. వహాబుకి కబురొచ్చింది. భోజనాల దగ్గర జన్నత్ బీతో ఆ మాట చెప్పాడు. నిజం చెబితే లైసెన్సు పోతుంది, ప్లాట్ల పని అసలే పోతుంది అన్నాడు.

"ఆ మనిషి కూరలు నాలుగేళ్ళు నేను వండాను," అంది ఆమె, గిన్నెలు తీస్తూ. "నువ్వెందుకు తినలేదో నాకు తెలీదనుకున్నావా? వెళ్ళి చెప్పిరా."

డెబ్బయ్యారో సంవత్సరం వేసవిలో వహాబు బోనెక్కాడు. ఏదీ దాచకుండా చెప్పాడు. అది అప్పేననీ, విక్రయం అని రాయమన్నది నరసింహమూర్తేననీ, తేడా తనకి తెలుసుననీ, అడిగినప్పుడు కూడా సూరన్నకి చెప్పలేదనీ చెప్పాడు. కోర్టు హాల్లో వెనక బెంచీమీద కూర్చున్న సూరన్న భార్య గురువమ్మ పైటచెంగు నోటికడ్డం పెట్టుకుంది. సూరన్న మాత్రం గోడవైపు చూస్తున్నాడు.

ప్రతివాది వకీలు అట్టే సేపు తీసుకోలేదు.

"తిరిగి అమ్మే షరతు ఈ విక్రయ దస్తావేజులో ఉందా?"

"లేదండి."

"ఎందుకు లేదు?"

"లేకుండా నేనే రాశానండి."

"చాలు," అని ఆయన కూర్చున్నాడు.

తీర్పుకి ఏడాది పట్టింది. భీమశంకరరావు దాన్ని వరండాలో నిలబడి ఇద్దరికీ తెలుగులో చెప్పాడు. సూరన్న ఒక స్తంభం దగ్గర, వహాబు ఇంకో స్తంభం దగ్గర నిలబడి విన్నారు. జడ్జీ వహాబు మాట నమ్మాడు. లేఖరి నిజమే చెబుతున్నట్టుందని రాశాడు కూడా. కానీ షరతు ఆ కాగితంలోనే ఉంటే తప్ప తనఖా అనడానికి చట్టం ఒప్పుకోదు. ఎవరి మనసులో ఏమున్నా, ఎవరు నోటితో ఏం చెప్పినా, కాగితమే కాగితం. దావా కొట్టేశారు.

"అంటే ఇతగాడు సెప్పినా నాభం నేదన్నమాట," అన్నాడు సూరన్న, వహాబు కేసి చూడకుండా.

"రాసేటప్పుడు చెప్పుంటే ఉండేది," అన్నాడు వకీలు.

తీర్పులోనే ఇంకో మాట ఉంది. తెలిసి తెలిసి పక్షకారుణ్ణి తప్పుదోవ పట్టించిన లేఖరి సంగతి పై అధికారులు చూడాలని. మూడు నెలల్లో వహాబు లైసెన్సు రద్దయింది. చూరు కింద అతని స్థలంలో ఇంకొకడు బల్ల వేసుకున్నాడు. నరసింహమూర్తి నష్టపరిహారం తీసుకుని లేఅవుటు పక్కన ఇంకో లేఅవుటు వేశాడు. ఆయన వహాబుని ఒక్కమాట కూడా అనలేదు. ఎదురుపడితే నమస్కారం పెట్టేవాడు. అదే వహాబుకి భరించరానిదిగా ఉండేది.

సూరన్నకి పొలం తాలూకు పరిహారం రాలేదు గానీ, ఊళ్ళో ఇల్లు పోయినందుకు గాజువాక వైపు పునరావాస కాలనీలో రెండు సెంట్ల స్థలం ఇచ్చారు. గోడలు లేపి రేకు కప్పుకున్నారు. పల్లె ఉన్నచోట చదును చేసి ముళ్ళకంచె వేశారు. పనులు జోరందుకున్నాక సూరన్న అదే కంచె లోపల కంట్రాక్టరు కింద ఇసక మోశాడు. ఉక్కునగరంలో క్వార్టర్లు లేచాక గురువమ్మ రెండు సెక్టార్లలో నాలుగిళ్ళలో అంట్లు తోమేది.

వహాబు పోస్టాఫీసు ముందు వేపచెట్టు నీడన కూర్చుని మనియార్డరు ఫారాలూ, అర్జీలూ, గల్ఫు దేశాలకి ఉత్తరాలూ రాసేవాడు. దానికి లైసెన్సు అక్కర్లేదు. రెండుసార్లు, చేతిలో ఉన్నంత డబ్బు గుడ్డలో చుట్టుకుని సూరన్న ఇంటికి వెళ్ళాడు. మొదటిసారి సూరన్న తలుపు తియ్యలేదు. రెండోసారి గురువమ్మ వచ్చి, "ఎల్లిపో బాబూ, ఆయన తిండి మానేత్తాడు మల్లీ," అంది.

ఎనభై అయిదులో, పాత పరిచయమున్న స్టాంపు వెండరొకడు పోస్టాఫీసు కొచ్చినప్పుడు మాటల్లో చెప్పాడు. కాలనీలో స్థలాలు అమ్మకూడదని నిబంధన ఉంది. అందుకని కంట్రాక్టరు దగ్గర సూపర్వైజరు కామరాజు అనేవాడు అమ్మకం పేరెత్తకుండా జనరల్ పవరు రాయించుకుంటున్నాడు. ఇంటిపన్నుకీ కరెంటుకీ మీ బదులు నేను తిరుగుతాను, దానికోసం ఈ కాగితం అని చెబుతున్నాడు. రేపు రాసిచ్చేవాళ్ళ పేర్లలో సూరన్న పేరుంది.

వహాబు అప్పటికప్పుడు బస్సెక్కాడు. వెళ్ళేసరికి సూరన్న గుమ్మంలో నులకమంచం మీద ఉన్నాడు. ఇసక మూటలు మోసి నడుం పట్టేసింది. కామరాజు మందులకి కొంత ఇచ్చాడు, రోజూ వచ్చి పలకరిస్తున్నాడు. వహాబు కూర్చోలేదు. ముంగిట్లోనే నిలబడి, ఈసారి ఒక్క మాట మింగకుండా చెప్పాడు.

"సూరన్నా, రేపు నువ్వు ఏలుముద్ర ఏసేది పన్ను కట్టడానికి కాదు. పవరంటే నీ బదులు అమ్మీడానికి ఆడికి హక్కిచ్చినట్టు. కాగితంలో అమ్మకమన్న మాట కనపడదు. కానీ అమ్మకమే. ఏలెయ్యొద్దు."

సూరన్న మోచేతిమీద లేచి కూర్చున్నాడు. ఎన్నేళ్ళకో అతను వహాబు మొహంలోకి నేరుగా చూశాడు.

"అమ్మకాన్ని తాకట్టన్నావు ఆ రోజు. ఇయేళ కానిదాన్ని అమ్మకమంటన్నావు. నీకు దీన్లో ఏటి ముడతాది?"

"ఏటీ ముట్టదు. ఖురాను మీద ఒట్టు."

"కామరాజు నాకు అన్నం పెట్టినాడు. నువ్వు నా అన్నం తీసీసినావు. ఎవుడి మాట ఇనాలో నాకు తెల్దేటి?" అని మంచం మీద మళ్ళీ వాలిపోయాడు. "నాను ఇంకా ఆలోసిత్తన్నాను. నువ్వొచ్చి వద్దన్నావు గాబట్టి, అది మంచిదే అయ్యుంటాది. ఎల్లు."

మర్నాడు వేలిముద్ర వేశాడు.

ఏడాది తిరక్కుండా ఆ స్థలంలో వేరే వాళ్ళు రెండంతస్తులు కట్టారు. సూరన్నా గురువమ్మా రోడ్డుకి ఇవతల తాటాకుల పాక ఒకటి అద్దెకి తీసుకున్నారు. ఆ వానాకాలమే సూరన్న పోయాడు. వహాబుకి నెల తరవాత తెలిసింది.

ఎనభై ఏడులో ఒక పొద్దున గురువమ్మ పోస్టాఫీసు దగ్గరికి వచ్చింది. జుట్టంతా నెరిసిపోయింది. ఇంటి స్థలానికి అర్జీ రాయాలంది. ఇంకెవరైనా రాస్తారు కదా, ఇంత దూరం ఎందుకొచ్చిందా అని వహాబు అనుకున్నాడు గానీ అడగలేదు. ఆమే చెప్పింది.

"మిగతావోల్లు ఏటి రాత్తారో నాకు తెల్దు. నువ్వు ఏటి సెయ్యగలవో నాకు తెలుసు. మల్లీ అది సెయ్యవు."

వహాబు రాయడం మొదలుపెట్టాడు. ఆమె ఎదురుగా రాయిమీద కూర్చుని పోయే బస్సుల్ని చూస్తూ మాట్లాడింది, అతనితో అన్నట్టు కాదు.

"నువ్వు రాకముందు రోజూ రాత్రి నాను సెప్పీదాన్ని ఏలెయ్యొద్దని. సగం మెత్తబడ్డాడు కూడా. నువ్వొచ్చి ఎల్లాక ఇంక మాటే ఇన్లేదు. నువ్వు రాకపోతే ఆగీవోడు."

వహాబు కలం ఆగింది. తరవాత మళ్ళీ రాశాడు. పూర్తయ్యాక ప్రతి వాక్యం చదివి, దాని అర్థం వాడుక మాటల్లో చెప్పి, తెలిసిందా అని అడిగి ముందుకెళ్ళాడు. స్థలం మంజూరు చేయమని అడగడం వేరు, ఉన్నదాన్ని క్రమబద్ధం చేయమనడం వేరు, మనం అడుగుతున్నది మొదటిది అని రెండుసార్లు చెప్పాడు. ఆమె విసుగు లేకుండా విని వేలిముద్ర వేసింది. కొంగు ముడి విప్పి ఒక రూపాయి బల్ల మీద పెట్టింది. వద్దనడానికి అతను చెయ్యెత్తాడు.

"ఉంచుకో," అంది. "నీకు రునం ఉండటం నాకిట్టం నేదు."

అర్జీకి జవాబు రాలేదు. మరుసటేడు ఇంకోటి రాయించుకోడానికి ఆమె వస్తుందేమోనని వహాబు చూశాడు. భీమిలి వైపు తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయిందని ఎవరో చెప్పారు. అతను మాత్రం చూపు ఆనినంతకాలం అక్కడే కూర్చుని రాశాడు. చిన్న మనియార్డరు ఫారమైనా సరే, పంపేవారెవరో పుచ్చుకునేవారెవరో రెండుసార్లు చదివి వినిపించేవాడు. తొందరలో ఉన్నవాళ్ళకి అది చాదస్తంగా ఉండేది. క్రమంగా వాళ్ళు పక్కనున్న ఇంకొకతని దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టారు.